నాలుగింటికి పెళ్లివారు

“పొద్దుట్నుంచీ ఇదే వరస. టిక్కుటిక్కుమంటుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, మంట మాత్రం రాదు,” అన్నాడు పార్థసారథి. స్వెటర్ మీద కోటు, కోటు మీద శాలువా. కోటు జేబులోంచి స్క్రూడ్రైవర్ పిడి తొంగిచూస్తోంది.

రిషి గతుక్కుమన్నాడు. ఇంటిని వేడిచేసే ఆ బాయిలర్‌కి ఎర్ర లైటు కాదు కదా, అసలు ఏ లైటూ వెలగకూడదు.

ప్లాను అది మరి. కూతురు మానసని చూసుకోవడానికి ఆదివారం నాలుగింటికి లీడ్స్ నుంచి పెళ్లివారు వస్తున్నారని మూడు రోజుల కిందట పార్థసారథి ఇంట్లో చెప్పాడు. ఆ సాయంత్రమే మానస అమ్మానాన్నల గది పక్కనున్న మెట్ల మీద కూర్చుని రిషికి ఫోన్ చేసింది. ఆదివారం పొద్దున్నే ఆమె బాయిలర్ పక్కనున్న స్విచ్ కట్టేస్తుంది. తెలిసిన గ్యాస్ ఇంజనీర్ ఉన్నాడని రిషినే పిలుస్తుంది. అతను మూడున్నరకల్లా దగ్గర్లోని హేస్ నుంచి వ్యాన్‌లో స్లౌలోని వాళ్లింటికి వచ్చి, కాసేపు అటూ ఇటూ చూసి, స్విచ్ వేసి, ఇల్లు వెచ్చబరిచి, కాబోయే మామగారి మెప్పు కొట్టేస్తాడు. మాస్టర్స్ చేసి, సాఫ్ట్‌వేర్ వదిలేసి బాయిలర్లు బాగుచేసేవాడికి పిల్లనివ్వడానికి ఆ ఇంటి పెద్దమనిషి ఒప్పుకోవాలంటే ముందు మనిషి నచ్చాలి కదా.

తీరా చూస్తే స్విచ్ వేసే ఉంది. గుమ్మంలో నిలబడ్డ మానస, నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

రిషికి భయం అరనిమిషమే. ఆరేళ్లుగా చేస్తున్న పని. పనిముట్ల బ్యాగు కింద పెట్టి చేతులు రుద్దుకున్నాడు.

“ఆంటీ, స్టవ్ వెలుగుతుందా?”

“బజ్జీలు వేస్తున్నాగా బాబూ, శుభ్రంగా వెలుగుతోంది,” అంది మానస తల్లి జయలక్ష్మి వంటింటి అవతలి మూల నుంచి.

“అయితే ఇంట్లోకి గ్యాసు వస్తాంది.” ప్రెజర్ చూశాడు. సరిగ్గానే ఉంది. రీసెట్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది, టిక్కుటిక్కుమంది, ఆగిపోయింది.

“ఆఫీసు ఉద్యోగం వదిలి ఈ పనిలోకి ఎందుకొచ్చావు?” పక్కనే నిలబడి అడిగాడు పార్థసారథి.

“ఆడ నేను చేసేది ఎవరికి పనికొస్తాందో తెలిసేది కాదంకుల్. ఇక్కడ నేను పోయేలోగా ఇల్లు వెచ్చగయితాది.”

“నాన్నగారేం చేస్తారు?”

“టీచరు. పోయినేడు రిటైరైనారు.”

బాయిలర్ చూడటానికొచ్చినవాడికి ఈ ఆరాలేమిటా అనుకుంటూనే రిషి పెరట్లోకి వెళ్లి గోడ వెంట, బాయిలర్ నీళ్లు బయటికిపోయే పైపు తడిమాడు. ఫిబ్రవరి చలికి అదేమైనా గడ్డకట్టి బాయిలర్ ఆగిందేమోనని. లేదు.

లోపలికొచ్చేసరికి జయలక్ష్మి ప్లేటు చేతిలో పెట్టింది. బజ్జీలు, పక్కన సొజ్జి.

“పెళ్లివారికి చేసినవి కదాంటీ.”

“ఫర్లేదు, తిను. మీ ఆదోనిలో ఇంతకంటే కారంగా చేస్తారేమోలే.”

యాస బట్టి పట్టేసిందనుకుని రిషి తిన్నాడు. తిని, మోకాళ్ల మీద కూర్చుని, టార్చి పట్టుకుని బాయిలర్ అడుగున చూశాడు. గ్యాసు పైపుకి ఒక చిన్న వాల్వ్. దాని గాడి పైపు వెంట నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంది. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తప్ప తిరిగే రకం కాదది.

తిప్పాడు. రీసెట్ నొక్కాడు. టిక్కు, టిక్కు, భుగ్గుమని మంట. లోపల నీలంగా వెలిగింది. గొట్టాల్లో నీళ్లు కదిలాయి.

నాలుగు కావస్తోంది.

“పెద్ద పార్టే పోయుంటుంది, కదూ?” అన్నాడు పార్థసారథి.

అవునంటే చాలు, ఈ ఇంట్లో రిషి మొనగాడు. మానస ముఖం ‘అవునను’ అంటోంది. కానీ పని విషయంలో అబద్ధమాడటం అతనికి చేతకాదు.

“ఏమీ పోలేదంకుల్. వాల్వ్ ఎవరో కట్టేసినారు, అంతే. నేను తెరిచినా.” లేచి చేతులు తుడుచుకున్నాడు. ఇప్పుడు వెళ్లిపోతే మానస ఇంకొకరి ముందు తలవంచుకు కూర్చోవాలి. ఆ ఆలోచనే అతనికి మింగుడుపడలేదు. “ఇంకో మాట. పొద్దున స్విచ్ కట్టెయ్యమని మానసకి చెప్పింది నేనే. మిమ్మల్ని కలవాలని. మాకు ఒకరంటే ఒకరికి ఇష్టం. దొంగదారిన వచ్చినా, తప్పు నాదే. అడగాల్సింది మాత్రం మీ ఎదురుగానే అడుగుతాండా.”

మానస గుమ్మం పట్టుకుంది. జయలక్ష్మి స్టవ్ ఆర్పింది. పార్థసారథి శాలువా తీసి కుర్చీ మీద వేశాడు, జేబులోని స్క్రూడ్రైవర్ తీసి రిషి పనిముట్ల పక్కన పెట్టాడు.

“మరి పెళ్లివారికేం చెప్పమంటావు?”

“నేనే చెప్తానంకుల్. నాలుగైతాంది కదా, వాళ్లింకా రాలేదే?”

పార్థసారథి గోడ గడియారం చూశాడు.

“వచ్చి అరగంటైంది, అల్లుడూ.”