చేతికి కట్టిన పట్టీ

"హౌస్ సర్జన్లకు రాత్రీ పగలూ ఏకధాటి డ్యూటీలు వద్దని చట్టం తెండి సార్," అని అడిగాను.

శాసనసభ్యుడు నవ్వేశారు. "కుర్రవయసు వాళ్ళు కదా డాక్టరమ్మా, వాళ్ళకేమవుతుంది? ముందు నా బీపీ చూడండి."

నాతో వచ్చిన హౌస్ సర్జన్ పిల్ల ఆయన చేతికి పట్టీ కట్టింది, గాలి కొట్టింది, ఆ రబ్బరు బల్బు పట్టుకునే నిద్రపోయింది.

"అమ్మో, నా చెయ్యి! గాలి తియ్యమనండి!"

"ఈ పిల్ల చేతిలో ఆపరేషన్ కత్తి ఉంటేనో సార్?"

"ఒప్పుకున్నానమ్మా! రేపే సభలో ఈ మాట ఎత్తుతాను. ముందు విప్పండి!"

విప్పేసి, పిల్లను జబ్బ పట్టుకుని, ఇందాక పిలుపు కోసం మేం కూర్చున్న వరండాలోకి తెచ్చాను. "నిద్ర నటించమంటే గురక కూడా పెట్టావే, గడుసుదానా!"

కళ్ళు నులుముకుంది. "సారీ మేడమ్, కాస్త కునుకు పట్టేసింది. మనల్ని లోపలికి ఎప్పుడు పిలుస్తారు?"