ఊ కొట్టని పిల్లలు

కంపచెట్ల కింద ఒక కౌజుపిట్ట అయిదు పిల్లలతో కాపురముండేది. పైకొమ్మ మీది గోరింక రోజూ ఆ పిల్లలకు కథ చెప్పేది. రాణి చీర, రాణి నగలు, కోట గుమ్మాలు, అన్నీ వర్ణించి మరీ చెప్పేది. పిల్లలు "ఊ, ఊ" అంటూనే చీమల్ని ఏరుకు తినేవి.

ఒక మధ్యాహ్నం కథ నడుస్తుండగా గద్ద నీడ నేల మీద పడింది. పిల్లల గొంతు వినబడితే చాలు, అది దిగిపోతుంది. "నోరు మూయండర్రా" అని తల్లి ఎంత బతిమాలినా కిచకిచలు ఆగలేదు.

అప్పుడు తల్లి వాటిని రెక్కల కిందికి లాక్కుని మెల్లగా మొదలుపెట్టింది. "ఒక పిల్ల పుట్ట దగ్గర తప్పిపోయింది. దూరంగా అమ్మ పిలుస్తోంది. పలికితే పుట్టలోని పాము వింటుంది. పలక్కపోతే అమ్మ వెళ్ళిపోతుంది..."

ఒక్క పిల్లా కిక్కురుమనలేదు. గద్ద రెండు చుట్లు తిరిగి గుట్ట దాటిపోయింది.

"ప్రాణాలైతే దక్కాయి గానీ వదినా, నీ కథకి ఒక్కరూ ఊ కొట్టలేదే!" అని గోరింక ఎగతాళి చేసింది.

"ఊపిరి బిగబట్టినవాళ్ళు ఊ ఎలా కొడతారమ్మా? నీ రాణికి నగలన్నీ పెట్టావు. ఆవిడకేం కావాలో మాత్రం ఏనాడూ చెప్పలేదు," అంది కౌజుపిట్ట.

గోరింక కాసేపు ముక్కుతో రెక్కలు దువ్వుకుంది. తర్వాత రెండు కొమ్మలు కిందికి దిగింది.

"అది సరేలే వదినా, ఇంతకీ ఆ పిల్ల పలికిందా, లేదా?"