సూదికి ముందు ప్రశ్న

"ఎవరయ్యా నువ్వు?"

చివరి బెంచీ మీది ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. అన్నీ తెల్ల కోట్లే, మధ్యలో ఒక్కటే మాసిన చొక్కా.

"ఈరయ్యను సార్. న్యాల్‌కల్ మాది. బయట నిలబడితే సరిగ్గ ఇనొస్తలేదు."

ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు పిల్లలు గొల్లుమన్నారు.

"తాత ఈ ఏడు అడ్మిషన్ తీసుకున్నడు సార్!" అన్నాడు చందర్.

"కాదు బిడ్డా. గీ ఒక్క పాఠం ఇని పోత."

ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చాడనుకున్నాడు పాఠం చెబుతున్న లెక్చరర్ సృజన్.

"ఇది కాలేజీ. జహీరాబాద్ బస్టాండు కాదు."

"మూలకు కూసుంట సార్. ఇంటికి పోయినా మాట్లాడెటోళ్లు లేరు."

"నడువు, నడువు."

ఈరయ్య దండం పెట్టాడు. తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్లిపోయాడు.

సృజన్ పాఠం అందుకున్నాడు. వైద్యంలో ఎంతటివాడు చెప్పినా నమ్మొద్దు, ఆధారం అడగాలి. ఆ రోజు చదివించిన పరిశోధన చిన్నదే. సూది వేసే ముందు 'మీకు పడని మందు ఏదైనా ఉందా?' అని ఒక్క మాట అడిగిన దవాఖానాల్లో ప్రాణాలు నిలిచాయి.

"ఇంత చిన్న ప్రశ్న ముందు ఎవరికి తట్టింది సార్?" అంది నందిని.

సృజన్ పరిశోధన పత్రం మీద రాసినవారి పేరు వెతికాడు.

"రాసినామెనే అడుగుదాం. అసలు మనిషిని అడగడం కూడా పరిశోధనే."

తర్వాతి వారం హైదరాబాద్ నుంచి డాక్టర్ భాగీరథి ఫోన్‌లో దొరికింది. సృజన్ స్పీకరు ఆన్ చేశాడు. క్లాసంతా చెవులు రిక్కించింది.

"నాకు తట్టలేదమ్మా. ఒక పెద్దాయనకు తట్టింది. ఆయన భార్యకు పడని సూది వేశారు. ఆమె పోయింది. 'పడదని నాకెరుకే, ఒక్కరన్న అడగకపోతిరి' అంటూ నెలల తరబడి మా దవాఖాన గుమ్మం ముందు కూర్చున్నారు. గెంటేసినా మళ్లీ వచ్చేవారు. ఆయన పోరు పడలేకే ఈ పరిశోధన మొదలుపెట్టాం."

"ఆయన్ని మా క్లాసుకు పిలిపించొచ్చా మేడం?" సృజన్ గొంతులో ఉత్సాహం.

"ఇంకెక్కడి ఆయన! మొన్న ఆదివారం నిద్రలోనే పోయారు."

నందిని పెన్ను పక్కన పెట్టింది.

"అయినా మీ దగ్గరికి వచ్చారుగా? అక్కడ ఈ పాఠం చెబుతున్నారని నేనే చెప్పి పంపాను. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, 'పిల్లలకు మంచిగ చెప్తున్రు మేడం, నన్ను ముందు బెంచీల కూసోబెట్టిన్రు' అని ఎంత మురిసిపోయారో ఈరయ్య గారు!"