మూడో సిఫారసు

అరువు సిస్టర్ పేరెత్తితే చాలు, లిఫ్టాయనకు ఎనిమిది రోజులుగా ఒళ్లు మండిపోతోంది.

అసలు ఆవిడ ఆ ఆసుపత్రి మనిషే కాదు. పిల్లల వార్డు ఇన్‌చార్జి సెలవు పెడితే, ఇదే యాజమాన్యానికి ఊరవతల ఉన్న ఇంకో ఆసుపత్రి నుంచి మూడు నెలలకని వచ్చింది. అందుకే ఆ పేరు.

అలాంటి మనిషి చేతిలో ఇరుక్కుంది లిఫ్టాయన కూతురి చదువు.

ఆ పిల్ల అదే వార్డులో నర్సు. నర్సింగులో పై చదువుకు దరఖాస్తు పెట్టింది. దానికి మూడు సిఫారసు ఉత్తరాలు కావాలి. ఆ మూడూ ఇవాళ సాయంత్రం అయిదులోగా కింద ఆసుపత్రి ఆఫీసులో అందకపోతే ఈ ఏడాదికి అంతే సంగతులు.

కాలేజీ టీచరమ్మ ఉత్తరం మొదటి రోజే వచ్చింది. డాక్టరుగారేమో, "నువ్వే రాసుకురా, సంతకం పడేస్తాను" అన్నాడు. లోకంలో సిఫారసులన్నీ అలాగే పుడతాయి.

తన గొప్ప తనే రాసుకోలేక ఆ పిల్ల ఒక పూటంతా పెన్ను కొరుకుతూ కూర్చుంది. ఏడో తరగతితో బడి మానేసిన తండ్రి పక్కన చేరి సాయం పట్టాడు.

"బంగారం లాంటి పిల్ల అని రాయి."

"అలా రాయకూడదు నాన్నా."

"మరి వెండి అని రాస్తావా?"

ఎలాగో పూర్తయింది. డాక్టరు చదవకుండానే సంతకం గిలికాడు. మూడోది వార్డు ఇన్‌చార్జి ఇవ్వాలి కాబట్టి దానికే ఇంకో నకలు రాసి పట్టుకెళ్తే, అరువు సిస్టర్ మాత్రం మడిచి తిరిగి చేతిలో పెట్టింది.

"నీ గురించి నువ్వు రాసుకున్నది నాకెందుకమ్మా? నేను చూసి రాస్తాను. ఆగు."

ఆగమని, ఆ రోజు నుంచీ పిల్ల వెనకే నిలబడటం మొదలుపెట్టింది. మందు కొలుస్తుంటే చూస్తుంది. సూది వేస్తుంటే చూస్తుంది. గుక్కపట్టి ఏడ్చే పసివాడిని సముదాయిస్తుంటే మంచం పక్కనే నిలబడి చూస్తుంది. ఉత్తరం మాట మాత్రం ఎత్తదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటికి ఆవిడ ఒంటరిగా లిఫ్టెక్కింది.

రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య లిఫ్టు ఆగిపోయింది. చెడిపోయి కాదు. లిఫ్టాయన ఆపేశాడు.

"ఇప్పుడు చెప్పండి సిస్టర్‌గారూ. మా అమ్మాయి ఉత్తరం ఏం చేశారు?"

"ముందు లిఫ్టు నడపండి. పైన రోగులు ఎదురుచూస్తుంటారు."

"మేం ఎనిమిది రోజులు చూడలేదా? వాళ్లు ఒక్క నిమిషం చూస్తారు."

ఆవిడ కోప్పడలేదు.

"ఒకటి అడుగుతాను. చదువయ్యాక మీ అమ్మాయి మళ్లీ వార్డుకొస్తుందా, ఆఫీసులో కుర్చీ వెతుక్కుంటుందా?"

"దానికి ఆ పిల్లల గోల చెవిన పడకపోతే ముద్ద దిగదు. అయినా అది మీకెందుకండీ? మీరు చదవలేదని ఇంకొకరు చదవకూడదా?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. కానీ మాట అప్పటికే గడప దాటింది.

ఆవిడ లిఫ్టు తలుపు వైపు తిరిగింది.

"పైకి కాదు. కింద ఆఫీసు దగ్గర దింపండి," అంది.

'అయిపోయింది. నా మీద ఫిర్యాదు చేయడానికే' అనుకున్నాడు లిఫ్టాయన. ఆవిడను దింపాక గంటసేపు ఎవరు ఏ అంతస్తు అడిగారో, తను ఎక్కడ దింపాడో అతనికే తెలియదు.

నాలుగున్నరకు కూతురు మెట్ల మీద నుంచి పరుగెత్తుకొచ్చింది. చేతిలో సీలు వేసిన కవరు.

"నాన్నా! ఇచ్చేసింది!"

"తిట్టి రాసిందేమోనే. చింపి చూద్దామా?"

"సీలు చింపితే చెల్లదు నాన్నా. పద, పద!"

ఆఫీసు గుమాస్తా మూడు కవర్లూ తీసుకుని, లెక్క చూసి, రసీదు మీద ముద్ర వేశాడు. గోడ గడియారంలో అయిదుకు పది నిమిషాలు తక్కువ.

పిల్ల బెంచీ మీద కూలబడి, బూట్లు విప్పేసి, కారణం లేకుండా నవ్వడం మొదలుపెట్టింది. తండ్రికి గుండెల మీద కుంపటి దించినట్టయింది. ఎనిమిది రోజులుగా పట్టని ఆకలి ఒక్కసారిగా పట్టింది.

"ఉండు నాన్నా, సిస్టర్‌కు ఒక్క మాట చెప్పొస్తా," అని లేవబోయింది పిల్ల.

"ఇంకెక్కడి సిస్టరమ్మా?" అన్నాడు గుమాస్తా. "మూడు నెలలూ ఇవాళ్టితో సరి. నాలుగున్నర వ్యాన్‌లో వెళ్లిపోయింది."

"పీడ విరగడైంది," అన్నాడు లిఫ్టాయన.

గుమాస్తా తలెత్తాడు.

"అంత మాట అనకు బాబాయ్. మన రెండు ఆసుపత్రులకూ కలిపి ఏడాదికి ఒక్కరినే పై చదువుకు పంపుతాం. ఆ వరుస పుస్తకం నా బీరువా దాటి బయటకు రాదు కాబట్టి మీకు తెలీదు. మీ అమ్మాయిది రెండో నంబరు. మొదటి మనిషి తప్పుకుంటున్నానని సంతకం పెడితేనే ఇన్‌చార్జి ఇచ్చే మూడో కవరు మీద ఇక్కడ సీలు పడుతుంది."

"పెట్టారా మరి? ఎవరయ్యా ఆ మహాతల్లి? ఎప్పుడు పెట్టింది?"

"మూడుంపావుకు."

గుమాస్తా పుస్తకం ఇటు తిప్పాడు.

లిఫ్టాయన వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు: అడ్డంగా గీత కొట్టేసిన మొదటి వరుసలో అరువు సిస్టర్ పేరు, పక్కన సర్వీసు పద్దెనిమిదేళ్లు, వయసు నలభై నాలుగేళ్ల పదకొండు నెలలు, ఆ పక్కనే ఎర్ర సిరాతో 'నలభై అయిదు దాటితే అర్హత లేదు, ఇదే ఆఖరి అవకాశం' అని ఉంది.