బంగారయ్య ముడి

బావి మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్ల గూళ్లే వేలాడేవి. పక్కవాళ్ల గూళ్లలోంచి గడ్డిపోచలు లాగేస్తూ దొరికిపోయాడని బంగారయ్య అనే గిజిగాణ్ణి ఆ చెట్టు మీంచి వెళ్లగొట్టారు. మళ్లీ వానలు పడ్డాక వాడు తిరిగొచ్చాడు. పాపం, అల్లిక తప్ప వాడికి మరో పని రాదు.

"గూడు అల్లిపెడతానండీ," అంటూ కొమ్మకొమ్మా తిరిగాడు.

"నీ ముక్కుకి మా గడ్డి అందిస్తామా? పో పో!" అని కసిరారంతా.

గాలికి గూడు ఊడిపోయిన తాయారవ్వ ఒక్కతే పిలిచింది. "ఒరేయ్, నా గూట్లోంచి కూడా లాగావు కదూ?"

బంగారయ్య తల దించుకున్నాడు. "లాగానవ్వా. ముడి వదులుగా ఉండేది."

"అయితే ఈసారి నువ్వు కూడా లాగలేని ముడి వెయ్యి."

వాడు ప్రాణం పెట్టి అల్లాడు. అవ్వ అందర్నీ పిలిచి, "ఇప్పుడు లాగరా," అంది. వాడు కాళ్లు తన్నిపెట్టి, ముక్కు నొప్పెట్టేదాకా లాగాడు. కొమ్మ ఊగింది కానీ ఒక్క పోచ కూడా ఊడి రాలేదు. అవ్వ నవ్వుకుంటూ గూట్లోకి దూరింది.

అందరికంటే గట్టిగా కసిరిన పొరుగాయన మెల్లగా వాడి పక్కకి జరిగాడు.

"నాయనా బంగారయ్యా, మా గూడు కూడా ఓసారి లాగి చూస్తావా?"