ఈ వాల్డెక్ నాకొద్దు

కార్పొరల్ మోహనప్రియ కొత్త పిస్తోలును కౌంటరు మీద ఠప్పున పెట్టింది. మ్యాగజైన్ విడిగా లాగి దాని పక్కన పడేసింది.

"ఈ వాల్డెక్ నాకొద్దు. నా పాత పిస్తోలు నాకిచ్చెయ్."

కౌంటరు వెనక సార్జెంట్ కిషేన్ తల ఎత్తలేదు. మలేసియాలోని ఈ హుటాన్ మెలింటాంగ్ పోలీసు స్టేషన్లో తుపాకులన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి, వస్తాయి. "మళ్ళీ ఏటయ్యింది?" అన్నాడు.

"ఏటయ్యిందా? ట్రిగ్గరు బండలాగుంది. నొక్కుతుంటే గురి పక్కకి పోతంది. పొద్దున రేంజిలో తూటాలన్నీ అట్ట అంచుకే తగిలినాయి. మగోళ్ళందరూ పళ్ళికిలించినారు."

"అందరికీ అదే ఇచ్చినారు కదమ్మా. చెయ్యి తగిలి పేలిపోకండా ట్రిగ్గరు గట్టిగా పెట్టినాం అని కంపెనీవోళ్ళే సెప్పినారు."

"ఆ కంపెనీవోడికి నా వేళ్ళు పెట్టి నొక్కమను, తెలుస్తాది. నాను ఈ ట్రిగ్గరు లాగీలోపు దొంగోడు కోపి తాగేసి పోతాడు. పాతదైతే ఇలా ముట్టుకుంటే చాలు, పేలీది. ఎన్నేళ్ళు దాంతోటే డ్యూటీ సేసినాను, ఒక్కసారన్నా మాట వచ్చిందా నా మీద?"

"రాలేదు."

"మరెందుకు లాక్కున్నారు?"

కిషేన్ నిట్టూర్చాడు. "ఇన్‌స్పెక్టర్ని అడుగుతాను లే. అందాక ఇది పట్టుకెళ్ళు."

"ఇవాళే అడుగు," అని మోహనప్రియ మ్యాగజైన్ ఎక్కించి వాల్డెక్‌ను ఒరలోకి తోసింది. పిస్తోలును కాదు, దాన్ని తయారుచేసినవాణ్ణి తోసినట్టు తోసింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఫోనొచ్చింది. జెట్టీ దగ్గర చేపలు దించే షెడ్డులో ఒకడు పారాంగ్ కత్తి తిప్పుతున్నాడట. కానిస్టేబుల్ సూరిబాబు బండి తీశాడు. దారి పొడుగునా మోహనప్రియ వాల్డెక్‌ను తిడుతూనే ఉంది. సూరిబాబు నవ్వాపుకుంటూ ఊఁ కొడుతూనే ఉన్నాడు.

షెడ్డు నిండా చేపల బుట్టలు బోర్లాపడి ఉన్నాయి. జనం దూరంగా నిలబడి ఫోన్లలో వీడియో తీస్తున్నారు. జాకెట్టు టోపీ ముక్కుదాకా లాక్కున్న మనిషొకడు మధ్యలో ఊగిపోతున్నాడు. వాడి చేతిలో మూరెడు కత్తి.

మోహనప్రియ పిస్తోలు తీసింది. "కత్తి కింద పెట్టు," అని మలయ్‌లో అరిచింది. మళ్ళీ తమిళంలో అరిచింది.

వాడు పోలీసు బట్టలు చూశాడు. చూసిందే తడవుగా కత్తెత్తి పరిగెత్తుకొచ్చాడు.

ఆమె వెనక్కి అడుగేసింది. వీపుకి ఐసు పెట్టె తగిలింది. ఇక పోవడానికి చోటు లేదు. రెండు చేతులా పట్టుకుని వాడి గుండెకి గురిపెట్టి ట్రిగ్గరు నొక్కింది. అది సగందాకా వచ్చి మొరాయించింది. పళ్ళు బిగించి లాగింది. వాడు పరిగెత్తే ఊపుకి తలమీది టోపీ వెనక్కి జారి మొహం బయటపడింది.

ఆమె వేలు ఆగిపోయింది.

కత్తి మీదికొచ్చింది. ఆమె పక్కకి ఒరిగింది. భుజం దగ్గర చొక్కా చీరి, చర్మం గీరి, కత్తి ఐసు పెట్టె చెక్కలో దిగబడింది. వాడు దాన్ని పీకేలోపు సూరిబాబు పక్కనుంచి దూకి నేలకేసి అదిమాడు. బేడీలు పడ్డాయి.

మోహనప్రియ పిస్తోలు దించి జనం వైపు తిరిగింది. "ఫోన్లు లోపల పెట్టండి. సినిమానా ఇది?" అంది. ఒకతను ఇంకా తీస్తుంటే వెళ్ళి ఫోను లాక్కుని ఆపేసి, అతని జేబులోనే కుక్కింది.

బండిలో ఆమె భుజానికి రుమాలు కట్టుకుంటుంటే సూరిబాబు అద్దంలోంచి చూశాడు.

"పాత పిస్తోలైతే ఈపాటికి వీడి శవాన్ని మోసుకుపోతుందుము."

"నోరు మూసుకుని బండి తోలు."

"ఉన్న మాటే కదా అక్కా..."

"తోలమన్నానా."

వెనక సీట్లో వాడు తల మోకాళ్ళలో పెట్టుకుని వణుకుతున్నాడు. మత్తు దిగుతున్నట్టుంది.

స్టేషన్లో వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, సూరిబాబును కాపలా పెట్టి, ఆమె ఆయుధాల గదికి వెళ్ళింది. కిషేన్ మొహం వెలిగిపోతోంది. కౌంటరు మీద ఆమె పాత పిస్తోలు నూనె రాసి సిద్ధంగా ఉంది.

"ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్నాడు. తీసుకో. ఆ వాల్డెక్ ఇలా ఇచ్చెయ్."

"వద్దు. ఇది నా దగ్గరే ఉండనీ."

కిషేన్ మొహం ఎర్రబడింది. "ఏటి? నీకోసం పెద్దోడి దగ్గర తిట్లు తిన్నాను. పొద్దున గొంతు సించుకున్నావు కదా, ట్రిగ్గరు బండలాగుందని."

"బండలాగే ఉంది. ఉండనీ."

"గురి కుదరదన్నావు."

"కుదర్చుకుంటాను. రోజూ రేంజికొస్తాను."

"మగోళ్ళు నవ్వుతారన్నావు."

"నవ్వనీ," అంది మోహనప్రియ. ఒరలో ఉన్న వాల్డెక్ మీద అరచెయ్యి అలాగే ఉంచుకుంది. "కిషేనన్నా, దీన్ని మార్చమని ఇంకెవరైనా వస్తే నా దగ్గరికి పంపు. అంతేగానీ నన్నింకేటీ అడక్కు."

ఆయన ఆమె కళ్ళు చూసి, పాత పిస్తోలును బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆమె గ్లాసుతో నీళ్ళు తీసుకుని బెంచీ దగ్గరికి వెళ్ళింది. సూరిబాబును బయట బండి దగ్గర ఉండమంది. అతను వెళ్ళేదాకా ఆగి, గ్లాసు వాడి బేడీల చేతుల్లో పెట్టింది. కోపంతో ఆమె దవడలు కదులుతున్నాయి. కొడుతుందనుకుని వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆమె కొట్టలేదు. వాడు నీళ్ళు గటగటా తాగి, అప్పటికి తలెత్తి ఆమె భుజం మీది నెత్తుటి రుమాలు చూశాడు.

"అక్కా," అన్నాడు చిన్నగా, "మనమ్మకి సెప్పకు."