పెత్రమాస బియ్యం

ఉల్లిగడ్డలు కోసే కత్తి ఆశమ్మ గొంతు మీద ఉంది.

పట్టుకున్నవాడు ఆమె మరిది ఎంకయ్య. ఎడమచేత్తో ఆమె కొప్పు గుంజి పట్టాడు. అశోక్‌నగర్ గల్లీలోని ఆమె కర్రీ పాయింట్ ముందు పప్పు, చారు పొట్లాల కోసం నిలబడ్డ కోచింగ్ పిల్లల్లో ఒక్కరూ అడుగు ముందుకేయలేదు. ఎందుకేస్తారు? ఫోన్లు మాత్రం పైకి లేచాయి.

"మా అన్న యాడున్నడు?" అన్నాడు ఎంకయ్య.

"బొంబాయి పోయిండు. వాపస్ రాలే."

ఇరవై ఏళ్లుగా ఆశమ్మ అందరికీ చెప్తున్న మాట అదే. ఆమె మెడలో పుస్తెలు, నుదుట బొట్టు, కాళ్లకు మెట్టెలు కూడా అదే చెప్తున్నాయి.

"బతికున్నోని పేరు మీద పెత్రమాస నాడు ఎవరన్న బియ్యం ఇస్తరా?"



జరిగింది ఇదీ. పాలమూరు నుంచి వచ్చిన ఎంకయ్య లోయర్ ట్యాంక్ బండ్ బస్తీలో ఉంటూ కూలికి పోతాడు. ఆరోజు పెత్రమాస. చనిపోయిన వాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే అమావాస్య. అమ్మానాన్నల పేరు మీద ఇద్దామని పొద్దున్నే చిక్కడపల్లిలో ఒక అయ్యగారి ఇంటికి వెళ్లాడు. వరుసలో తనకంటే ముందు వదిన కనబడింది. పలకరిద్దామనుకునే లోపే ఆమె బియ్యం పళ్లెం చాచి "బాలప్ప" అని అన్న పేరు చెప్పింది. ఆ తర్వాత ఎంకయ్యకు ఇంకేమీ వినబడలేదు. పెద్దకొడుకు ఇవాళొస్తడు రేపొస్తడు అని తలుపు తీసిపెట్టుకునే వాళ్లమ్మ కన్ను మూసింది మరి. వదిన వెనకే కర్రీ పాయింట్ దాకా వచ్చాడు.

కత్తి మొన చర్మంలోకి దిగింది. రక్తం కారి జాకెట్ తడిసింది.

సరిగ్గా అప్పుడే స్టడీ హాల్ నుంచి భాగ్యశ్రీ వచ్చింది. ఆశమ్మకు ఒక్కగానొక్క కూతురు, ఎస్సై పరీక్షకు చదువుతోంది. ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మసిగుడ్డతో పట్టి, పొయ్యి మీద తెర్లుతున్న చారు గిన్నె ఎత్తి చిన్నాయన మొహాన కుమ్మరించింది.

ఎంకయ్య పొలికేక పెట్టి వెనక్కి పడ్డాడు. పడుతూ విసిరిన కత్తి దెబ్బకు ఆశమ్మ మోచెయ్యి ఎముకదాకా తెగింది. మొహమంతా బొబ్బలెక్కినా వాడి నోరు మాత్రం మూతపడలేదు.

"నువ్వు మా అన్న బిడ్డవు. మీ నాయినను ఏం చేసిందో అడుగు."

పోలీసులు వాణ్ణి జీపులో వేసుకుని పోయారు. సాయంత్రం ఆశమ్మ దగ్గరికి వస్తామన్నారు. బియ్యం సంగతి ఆ అయ్యగారిని కూడా అడుగుతామన్నారు.

నారాయణగూడలో ఒక చిన్న ఆసుపత్రి. కుట్లు వేసిన నర్సు బయటికి వెళ్లగానే భాగ్యశ్రీ తలుపు గడియ పెట్టింది. బొంబాయి కథ ఇక చాలంది. ఆశమ్మ కాసేపు తప్పించుకు చూసింది. తర్వాత మెల్లగా నోరు విప్పింది.

అప్పట్లో ఆలుమగలిద్దరూ అశోక్‌నగర్‌లోనే ఒక బిల్డింగ్ పనిలో కూలీలు. ఉండేది అక్కడే రేకుల షెడ్డులో. బాలప్ప రోజూ తాగేవాడు, రోజూ కొట్టేవాడు. ఆరోజు కూరలో కారం తక్కువైందన్నాడు.

"నన్ను కొడుతుంటే బిడ్డ ఉరికొచ్చి నా కాళ్లు సుట్టుకున్నది. రెండు కాళ్లు పట్టి ఎత్తిండు. గోడకేసి కొట్టిండు."

భాగ్యశ్రీ చెయ్యి తల వెనక్కి పోయింది.

"పక్కన పార ఉండె. తల మీద కొట్టిన. పడ్డంక గూడ కొట్టిన. మొకం ఆనవాలు లేకుండ అయిందాంక కొట్టిన. పునాది గుంతల ఏసి మట్టి కప్పిన. తెల్లారి దాని మీదనే కాంక్రీటు పోసిన్రు."

ఆ బిల్డింగ్‌లో ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్ నడుస్తోంది.

"మరి నేను?" అంది భాగ్యశ్రీ.

ఆశమ్మ గోడ వైపు తిరిగింది.

"ఉన్నవ్ కద బిడ్డా, నా ముంగట."

భాగ్యశ్రీ బాత్రూమ్‌లోకి వెళ్లి బోరుమని ఏడ్చింది. అద్దం ముందు జుట్టు పాయలు పాయలుగా తీసి చూసుకుంది. తల మీద ఎక్కడా మచ్చ లేదు. చిన్ననాటి దెబ్బలు ఎదిగితే మానిపోతాయనుకుంది. తన కోసం చంపింది అమ్మ. తన కోసమే ఇన్నేళ్లు ఆ భారం ఒక్కతే మోసింది. తెలిసీ నేరం దాస్తే అదీ నేరమేనని ఆ పిల్లకు సెక్షన్లతో సహా తెలుసు. తెలిస్తే ఏం? చట్టం కంటే అమ్మే ఎక్కువ. జైలుకు పంపే ప్రసక్తే లేదని తేల్చుకుంది.

మిగిలింది ఒక్క అయ్యగారే. పోలీసుల కంటే ముందు చేరాలి. ఆటో ఎక్కి చిక్కడపల్లి వెళ్లింది.

అయ్యగారు వరండాలో బియ్యం మూటలు కడుతున్నాడు. పెద్దాయన. భాగ్యశ్రీ ఆయన కాళ్ల మీద పడింది. తాను ఆశమ్మ కూతురినని చెప్పుకుంది. పోలీసులొచ్చి అడిగితే అమ్మ ఏ పేరు చెప్పిందో యాది లేదనండి, అంతకంటే ఏమీ వద్దని బతిమిలాడింది.

అయ్యగారు లేవమన్నాడు. రోజుకు ఎంతమందో వస్తారు, ఎవరి పేర్లని యాది పెట్టుకుంటాం, అదే చెప్తానన్నాడు. భాగ్యశ్రీ ప్రాణం కుదుటపడింది. కళ్లు తుడుచుకుని దండం పెట్టింది.

ఆయన ఆమె తల నిమిరి, జాలిగా అన్నాడు.

"పసిపిల్లలు పోతే బియ్యం ఇయ్యరమ్మా అని ఎంత చెప్పినా వినది మీ అమ్మ, ఏటా బాలప్ప పేరు చెప్పినంక నాలుగేండ్లకే పోయిన మీ అక్క భాగ్యశ్రీ పేరు గూడ చెప్పి ఏడుస్తది."